మంచూ, మందుగుండూ, మొకాసిన్లూ: ఒక అబెనాకీ యోధుడి సరంజామా

1704 ఫిబ్రవరి 29. ఇంకా తెల్లవారలేదు. మసాచుసెట్స్ వలసకు సరిహద్దు గ్రామమైన డీర్‌ఫీల్డ్‌లో జనం గాఢనిద్రలో ఉన్నారు. ఊరి చుట్టూ కట్టుకున్న కొయ్యగోడను ఆనుకుని మంచు గుట్టలుగా పేరుకుంది. ఆ గుట్టలెక్కి లోపలికి దూకినవాళ్లలో ఫ్రెంచి కెనడియన్లు కొద్దిమందే. మిగిలిన రెండు వందల పైచిలుకు మందీ అబెనాకీలు, మోహాక్‌లు, హురాన్‌లు. కెనడా నుంచి సుమారు 480 కిలోమీటర్లు మంచులో నడిచి వచ్చారు. ఆ రోజు 112 మందిని బందీలుగా పట్టుకుని మళ్లీ అంత దూరమూ ఉత్తరానికి నడిపించారు.

ఆ బందీల్లో ఊరి మతగురువు జాన్ విలియమ్స్ ఒకడు. విడుదలయ్యాక 1707లో అచ్చువేయించిన పుస్తకంలో ఆయన ఒక చిన్న సంగతి రాశాడు. ప్రయాణానికి ముందే తమ బూట్లు తీయించి, వాటి బదులు మూలవాసుల మెత్తటి తోలు చెప్పులు తొడిగించారట. ఐరోపా బూటు ఆ మంచులో అంత దూరం మనిషిని మోయదని దాడికి వచ్చినవాళ్లకు తెలుసు. బందీ ప్రాణాలతో కెనడా చేరాలంటే ముందు అతని పాదం బాగుండాలి. అందుకే చెప్పులు సిద్ధంగా ఉంచుకున్నారు.

యుద్ధాల చరిత్ర రాసేవాళ్లు సేనానుల పేర్లు చెబుతారు, చచ్చినవాళ్ల లెక్క చెబుతారు. చెప్పుల సంగతి చాలామంది దాటేస్తారు. నిజానికి అబెనాకీలు తమకంటే ఎన్నో రెట్లు పెద్దవైన ఇంగ్లిషు వలసలను దాదాపు తొంభై ఏళ్లు ఎలా నిలువరించారో అర్థం కావాలంటే ఆ చెప్పుల దగ్గరే మొదలుపెట్టాలి. అబెనాకీ యోధుడి ఒంటి మీది బట్ట, చేతిలోని ఆయుధం, మొహాన పూసుకున్న రంగు అన్నీ ఆ అడవిలో, ఆ చలిలో పరీక్షకు నిలిచినవే. కొన్ని తాతల నాటివి, కొన్ని సముద్రం దాటి వచ్చినవి. ఏది ఉంచుకోవాలో, ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో అతనే తేల్చుకున్నాడు.

తూర్పు వెలుగు నేల

ఇప్పటి అమెరికాలోని వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాలు, కెనడాలో క్యూబెక్ దక్షిణ భాగం అబెనాకీల నేల. ఆల్గాంకియన్ కుటుంబానికి చెందిన భాష మాట్లాడతారు. తమ దేశాన్ని పొద్దు పొడిచే నేలగా చెప్పుకుంటారు. వాళ్లందరికీ ఒక రాజు గానీ ఒక రాజధాని గానీ లేవు. కెనెబెక్, సాకో, కనెక్టికట్ లాంటి నదుల వెంట, షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఊళ్లుగా, గుంపులుగా ఉండేవారు. వేసవిలో మొక్కజొన్న, చిక్కుడు పండించి, నదుల్లో చేపలు పట్టి, చలికాలం వేటకు అడవిలోకి చెదిరిపోయేవారు.

దక్షిణం నుంచి ఇంగ్లిషువాళ్లు పొలాల కోసం ముందుకు జరుగుతూ వచ్చారు. ఉత్తరాన ఫ్రెంచివాళ్లు సంఖ్యలో తక్కువ, వాళ్లకు కావలసింది ముఖ్యంగా బీవర్ తోళ్లు, యుద్ధంలో తోడు. 1675లో మొదలైన పోరాటాలు 1763లో ఫ్రెంచి, ఇంగ్లిషువాళ్ల ఏడేళ్ల యుద్ధం ముగిసేదాకా ఆగి ఆగి సాగాయి. నేల కోల్పోయిన కుటుంబాలు ఎన్నో ఉత్తరానికి వెళ్లి, సెయింట్ లారెన్స్ నది దగ్గర ఒడనాక్, వోలినాక్ ఊళ్లలో స్థిరపడ్డాయి. ఆ రెండూ ఇప్పటికీ అబెనాకీ ఊళ్లే.

ఆ యోధులు తొడుక్కున్నవి మనకు ఎలా తెలుసు? ఆ ప్రాంతపు మట్టిలో ఆమ్లత్వం ఎక్కువ. తోలు, బట్ట, చివరికి ఎముక కూడా అందులో కరిగిపోతాయి. తవ్వకాల్లో దొరికేవి ఎక్కువగా రాయి, ఇనుము, సీసం, గాజుపూసలు. ఒక్కోసారి రాగి పూసకో, ఇత్తడి ముక్కకో అంటుకుని ఉన్న చిన్న తోలుముక్కో దారపు పోగో మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. రాగి లవణాలు సూక్ష్మజీవులను చంపుతాయి గనక, రాగికి తగిలినంత మేర కుళ్లు ఆగుతుంది. ఈ తునకలకు యాత్రికుల రాతలు, బందీల జ్ఞాపకాలు, వర్తకుల చిట్టాలు, 18వ శతాబ్దపు నీటిరంగుల చిత్రాలు, అన్నిటికీ మించి ఈనాటి అబెనాకీల చేతిపని జోడిస్తే బొమ్మ పూర్తవుతుంది.

మెదడుతో మెత్తబడే తోలు

ఐరోపా సరుకు రాకముందు దుస్తులన్నీ తోలుతోనే. మగవాడికి నడుముకు గోచి, తొడల దాకా వచ్చే కాలి తొడుగులు, పాదాలకు మొకాసిన్లనే మెత్తటి తోలు చెప్పులు, చలికి భుజాల మీద బొచ్చు తోలు. దుప్పి తోలు, దానికంటే చాలా మందమైన మూస్ తోలు ముఖ్యమైన ముడిసరుకు. మూస్ అంటే ఆ అడవుల్లో తిరిగే, గుర్రమంత ఎత్తుండే దుప్పి జాతి జంతువు.

పచ్చితోలు ఆరితే చెక్కలా బిగుసుకుపోతుంది. కారణం, తోలులోని కొల్లాజెన్ పోగులు నీరు పోగానే ఒకదానికొకటి అంటుకుపోవడం. అబెనాకీ స్త్రీలు తోలు మీది వెంట్రుకలు, మాంసం గీకేసి, జంతువు మెదడును నీళ్లతో కలిపి పట్టించేవారు. మెదడులో కొవ్వుతో పాటు లెసితిన్ ఉంటుంది. కొవ్వునూ నీటినీ కలపగల పదార్థం అది. దాని సాయంతో కొవ్వు పోగుల మధ్యకు చేరుతుంది. ఇక ఆరేదాకా తోలును ఆపకుండా లాగుతూ, పిసుకుతూ ఉంటే పోగులు అంటుకునే వీలుండదు. తోలు మెత్తటి బట్టలా తయారవుతుంది.

ఇక్కడితో ఆపితే ఒక్క వానకు మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే ఆఖరున పుచ్చిన చెక్కను మంట రాకుండా రగిల్చి పొగ పట్టేవారు. ఆ పొగలోని ఆల్డిహైడ్లు కొల్లాజెన్ పోగుల మధ్య రసాయన బంధాలు వేస్తాయి. అప్పటి నుంచి తోలు తడిసి ఆరినా మెత్తగానే ఉంటుంది. గోధుమ రంగు, పొగ వాసన అదనంగా వస్తాయి. తుమ్మచెక్కలోని టానిన్‌తో తోలు ఊనే మన పద్ధతి కంటే ఇది వేరు. రసాయన శాస్త్రం పేరు తెలియకుండానే దాని పనిని చేతులతో సాధించినవాళ్లు ఆ స్త్రీలు. యుద్ధానికి వెళ్లే మగవాడి సరంజామాలో సగం వాళ్ల శ్రమే.

మొకాసిన్‌కు అట్ట లేదు, మడమ లేదు. పాదం కింద నేల ఎలా ఉందో తెలుస్తుంది, ఎండుపుల్ల మీద బరువు పడేలోపే కాలు వెనక్కి తీయవచ్చు. చలికాలంలో కొంచెం వదులుగా కుట్టి, లోపల బొచ్చో, ఎండుగడ్డో, గొంగళి ముక్కో చుట్టేవారు. ఆ పొరల్లో చిక్కుకున్న గాలే వేడిని పట్టి ఉంచుతుంది. బిగుతైన బూటు రక్తప్రసరణను అడ్డుకుంటుంది, లోపలి చెమట గడ్డకడుతుంది, వేళ్లు మొద్దుబారి చచ్చుబడతాయి. మొకాసిన్ త్వరగా అరుగుతుందన్నది నిజం. అందుకే దూర ప్రయాణంలో విడి జతలు, కుట్టుకోవడానికి తోలు ముక్క వెంట ఉండేవి.

మంచు మీద తేలడం

ఆ నేలలో శీతాకాలపు మంచు నడుము లోతు పేరుకోవడం మామూలే. ఒంటికాలి మీద బరువు వేసినప్పుడు 65 కిలోల మనిషి భారమంతా సుమారు 200 చదరపు సెంటీమీటర్ల పాదం మీద పడుతుంది. మెత్తటి మంచు దాన్ని ఆపలేదు. కాలికి మంచుపాదుక కట్టుకుంటే అదే బరువు 2,000 చదరపు సెంటీమీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఒత్తిడి పదో వంతుకు పడిపోతుంది. మనిషి మంచు పైపొరలోనే నిలబడతాడు.

యాష్ చెట్టు కలపను నిలువుగా చీల్చి, ఆవిరి పట్టి వంచితే చట్రం వస్తుంది. ఆ కలప పోగు తిన్నగా సాగుతుంది గనక విరగకుండా వంగుతుంది. చట్రం మధ్య పచ్చితోలు తీగలతో వల అల్లేవారు. తడిగా అల్లిన తోలు ఆరేటప్పుడు ముడుచుకుని వీణ తంతిలా బిగుస్తుంది. వస్త్రానికి శత్రువైన గుణమే ఇక్కడ మిత్రమైంది. వల కళ్లలోంచి మంచు కిందికి రాలిపోతుంది, పాదుక బరువెక్కదు.

దీని సైనిక ఫలితం చాలా పెద్దది. ఐరోపా సైన్యాలకు చలికాలం యుద్ధం ఆగే కాలం. ఇంగ్లిషు గ్రామాలు మంచు పడితే ఊపిరి పీల్చుకునేవి. అబెనాకీలకు అదే నదులూ చిత్తడి నేలలూ గడ్డకట్టి దారులయ్యే కాలం. ఆకులు రాలి చూపు దూరం సాగే కాలం. డీర్‌ఫీల్డ్ దాడి ఫిబ్రవరిలో జరగడం వెనక లెక్క ఇదే. ఆ దెబ్బ తర్వాత మసాచుసెట్స్ ప్రభుత్వం తన సరిహద్దు సిపాయిలకు మంచుపాదుకలు సమకూర్చే పనిలో పడింది.

ఉన్ని ఎందుకు నెగ్గింది

17వ శతాబ్దం గడిచేకొద్దీ గోచి, కాలి తొడుగులు, పైన కప్పుకునే వస్త్రం తోలు నుంచి ఉన్నికి మారాయి. ఇంగ్లండులో స్ట్రౌడ్ లోయ మగ్గాల మీద నేసిన మందమైన ఎర్ర, నీలి ఉన్ని బట్ట, ఫ్రెంచివాళ్లు తెచ్చే తెల్ల గొంగళ్లు బీవర్ తోళ్లకు మారకంగా వచ్చేవి. దీన్ని ఐరోపా నాగరికతకు లొంగిపోవడంగా చదివినవాళ్లున్నారు. ఉన్ని గుణం తెలిస్తే అలా అనరు.

శుద్ధి చేసిన తోలు తడిస్తే బరువెక్కి, సాగి, ఒంటికి చల్లగా అంటుకుంటుంది. ఆరడానికి ఎంతసేపో పడుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది. పోగుల వంకరల మధ్య గాలి నిలవడం, తేమను పీల్చేటప్పుడు కొద్దిగా వేడి విడుదల కావడం అందుకు కారణాలు. జడివానలో గొంగడి కప్పుకుని మందను కాసే తెలంగాణ గొల్ల, కురుమ కాపరులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఉన్ని పొదల్లో గీసుకున్నా చప్పుడు కాదు. ఒక తోలు సిద్ధం చేయడానికి రోజుల తరబడి పట్టే ఆడవాళ్ల శ్రమ మిగిలింది.

అయితే బట్ట మారింది గానీ కుట్టు మారలేదు. ఐరోపా పంట్లాం అబెనాకీ యోధుడికి నచ్చలేదు. మోకాలు వంచడానికీ, వాగు దాటడానికీ అడ్డం. అతను స్ట్రౌడ్ బట్టను కొని తన పాత నమూనాలోనే గోచి, కాలి తొడుగులు కుట్టించుకున్నాడు. పొడవాటి నార చొక్కాను తీసుకున్నాడు గానీ లోపలికి దోపకుండా పైనే వదిలేశాడు. ఫ్రెంచి నావికుల టోపీ కోటు నచ్చింది, ఎందుకంటే తలకు కొసదేరిన టోపీ కుట్టుకోవడం అబెనాకీలకు ముందే అలవాటు. రంగురంగుల ఉన్ని నూలుతో మగ్గం లేకుండా వేళ్లతోనే నేసిన దట్టీ నడుముకు చుట్టుకుని, అందులో గొడ్డలి దోపుకున్నాడు. కుట్టుపనిలో ముళ్లపంది ముళ్లకు రంగులద్ది, చదునుచేసి తోలు మీద అల్లే పాత కళ కొనసాగింది. దాని పక్కనే వెనిస్ గాజుపూసలూ చేరాయి.

చొక్కాల బట్టలో ఎక్కువ భాగం ఐరోపా నారే. కొంత మాత్రం కాలికో, అంటే భారతదేశపు నూలు బట్ట. తమ ఉన్ని, పట్టు నేతగాళ్ల గోలకు తలొగ్గి 1700లో ఇంగ్లండు పార్లమెంటు మన అద్దకపు నూలు బట్టలను ఆ దేశంలో వాడకుండా నిషేధించింది. తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం అనుమతించింది. దాంతో లండన్ గోదాముల్లోని భారతీయ వస్త్రాలకు అమెరికా వలసలు ఒక పెద్ద సంతగా మారాయి. మచిలీపట్నం రేవు ఉన్న కోరమాండల్ తీరపు బట్టకు కూడా ఆ సంతలో చోటుంది.

రంగు, గవ్వ, వెండి

యుద్ధానికి బయలుదేరేవాడు మొహానికీ ఒంటికీ రంగు పూసుకునేవాడు. ఎరుపుకు పాత వనరు కావి రాయి, అంటే ఇనుప ఆక్సైడు. నలుపుకు బొగ్గు. వర్తకులు వచ్చాక ఇంగిలీకం చేతికందింది. పాదరసం, గంధకం కలిసిన ఈ పదార్థం కావి కంటే ఎంతో మెరిసే ఎరుపు. చిన్న కాగితపు పొట్లాల్లో అది చైనా నుంచి ఐరోపా మీదుగా అమెరికా అడవుల దాకా ప్రయాణించింది. దాన్ని ఎలుగుబంటి కొవ్వులో కలిపి పూసేవారు. కొవ్వు చలిగాలి నుంచీ, వేసవి దోమల నుంచీ కూడా కాపాడేది.

మెడలో గవ్వపూసలు వేలాడేవి. వీటిని వాంపమ్ అంటారు. తెల్లవి ఒక సముద్ర శంఖం నుంచి, ఊదావి క్వాహాగ్ అనే ఆల్చిప్ప నుంచి చేసేవారు. ఊదాపూస చేయడం కష్టం, విలువ ఎక్కువ. ఈ పూసలతో అల్లిన పట్టీలు రాయబారానికి, ఒప్పందానికి సాక్ష్యాలు. యుద్ధానికి పిలుపు పంపినా, సంధి కుదిరినా పట్టీ చేతులు మారేది. 18వ శతాబ్దంలో వీటి పక్కన వెండి చేరింది. దండకడియాలు, చెవి లోలకులు, మెడ కింద వేలాడే అర్ధచంద్రాకారపు బిళ్లలు. ఆ బిళ్ల ఐరోపా సైనికాధికారి హోదా చిహ్నం, పాతకాలపు ఉక్కు కవచంలో చివరికి మిగిలిన ముక్క. ఫ్రెంచి, ఇంగ్లిషు గవర్నర్లు ఇద్దరూ వాటిని నాయకులకు కానుకలుగా ఇచ్చి తమ వైపు తిప్పుకోవాలని చూశారు.

విల్లు, గద, గొడ్డలి

1605లో ఇంగ్లిషు నావికుడు జార్జ్ వేమత్ మెయిన్ తీరానికి వెళ్లాడు. ఆయనతో వెళ్లిన జేమ్స్ రోజియర్ అక్కడి ఆయుధాలను జాగ్రత్తగా వర్ణించాడు. విల్లు విచ్ హేజెల్ లేదా బీచ్ కలపతో చేసినది. బాణం పొడవు, దానికి మూడు ఈకలు, కొసన దుప్పి కాలి ఎముకతో చెక్కిన పదునైన ములికి. ములికికి రెండు ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, గుచ్చుకుంటే ఊడదు. ఐరోపా రాగి, ఇత్తడి కళాయిలు రాగానే పాతబడ్డవాటిని కత్తిరించి ములుకులు చేసుకోవడం మొదలైంది. వంటపాత్ర ఆయుధమైంది.

దగ్గరి పోరాటానికి గద. చిన్న భూర్జ చెట్టును వేళ్లతో సహా పెళ్లగించి, వేరు బుడిపెను తలగా, కాండాన్ని పిడిగా చెక్కేవారు. వేరు కొసలను ముళ్లలా వదిలేసేవారు. మామూలు కలప పోగు వెంట చీలుతుంది. బుడిపెలో పోగులు అన్ని దిక్కులకూ మెలిపడి ఉంటాయి గనక ఎంత గట్టిగా కొట్టినా పగలదు. బరువంతా కొసన ఉండటంతో ఊపిన చేతి వేగం తలలో చేరి దెబ్బ పెద్దదవుతుంది. అబెనాకీల బంధు జాతి అయిన పెనాబ్‌స్కాట్ ప్రజలు ఈ వేరుగదలను ఇప్పటికీ చెక్కుతున్నారు, యుద్ధం కోసం కాకుండా కళగా.

ఇనుప గొడ్డలి వచ్చాక గద పూర్తిగా పోలేదు గానీ వెనక్కి తగ్గింది. కమ్మరి మెత్తటి ఇనుప పట్టీని పిడి చుట్టూ మడిచి, అంచులో ఉక్కు ముక్కను అతికేవాడు. ఇనుము దెబ్బను ఓర్చుకుంటుంది, ఉక్కు పదును నిలుపుతుంది. ఉదయం పొయ్యికి కట్టెలు కొట్టేదీ, మధ్యాహ్నం శత్రువును ఎదుర్కొనేదీ ఆ గొడ్డలే. 18వ శతాబ్దపు మధ్యనాటికి ఒక వైపు గొడ్డలి అంచు, రెండో వైపు పొగాకు గిన్నె, మధ్యలో బోలు పిడి ఉన్న రకం కూడా వాడకంలోకి వచ్చింది. యుద్ధమూ సంధీ ఒకే వస్తువులో ఇమిడాయి.

మెడ నుంచి ఒర వేలాడదీసి అందులో కత్తి పెట్టుకునేవారు. వేటలో, వంటలో, ఇంటి పనిలో అందరికీ కావలసిన వస్తువది. శత్రువు తలచర్మం తీయడానికీ అదే కత్తి. ఆ పనిని మూలవాసుల క్రూరత్వానికి గుర్తుగా చూపడం పాత పుస్తకాలకు అలవాటు. ఇంగ్లిషు వలసలు దాన్ని వెల కట్టి కొన్న సంగతిని అవి చిన్న అక్షరాల్లో చెబుతాయి. 1755లో మసాచుసెట్స్ లెఫ్టినెంట్ గవర్నర్ స్పెన్సర్ ఫిప్స్ జారీ చేసిన ప్రకటనలో పెనాబ్‌స్కాట్ మగవాడి తలచర్మానికి 40 పౌండ్లు, ఆడవాళ్లదీ పన్నెండేళ్ల లోపు పిల్లలదీ అయితే 20 పౌండ్లు అని రాసి ఉంది.

చెకుముకి నిప్పు

1607లో సాకో నది దగ్గర ఒక పోరు జరిగింది. ఉత్తరం నుంచి వచ్చిన మిక్‌మాక్ నాయకుడు మెంబర్టూ మనుషుల చేతుల్లో ఫ్రెంచి తుపాకులున్నాయి. అబెనాకీలకు దగ్గరి బంధువులైన సాకో ప్రజల చేతుల్లో విల్లంబులే. మెంబర్టూ గెలిచాడు. రెండేళ్లకు షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఫ్రెంచి యాత్రికుడు సామ్యూల్ ద షాంప్లేన్ తన తుపాకిలో నాలుగు గుండ్లు దట్టించి ఒక్కసారి పేల్చాడు. కొయ్యతో, నూలుతో చేసిన కవచాలు తొడుక్కున్న మోహాక్ నాయకులు కూలిపోయారు. బాణాన్ని ఆపే కవచం సీసాన్ని ఆపలేదు. ఆ తర్వాత ఈశాన్య అడవుల్లో కవచాలూ, బారులు తీరి ఎదురెదురుగా నిలబడటమూ క్రమంగా మాయమయ్యాయి. చెట్టు చాటే కవచమైంది.

అయినా విల్లును వదిలి తుపాకి పట్టడం తేలికగా అర్థమయ్యే నిర్ణయం కాదు. నిమిషంలో పది బాణాలు వేయగలిగినవాడు రెండు మూడు గుండ్లే పేల్చగలడు. కానీ అడవిలో బాణానికి చిన్న కొమ్మ తగిలినా దారి తప్పుతుంది. చురుకైనవాడు వచ్చే బాణాన్ని చూసి పక్కకు తప్పుకోగలడు. గుండు కంటికి కనపడదు, రెమ్మలను చీల్చుకుపోతుంది, ఎముకను నుగ్గు చేస్తుంది. ఒకేసారి చిన్న గుండ్లు నాలుగైదు దట్టిస్తే పొదలో కదిలే నీడకు కూడా తగులుతాయి.

తుపాకుల్లోనూ వాళ్లు ఏరుకున్నారు. 17వ శతాబ్దపు మొదట్లో ఐరోపా సిపాయిల దగ్గర ఎక్కువగా ఉన్నది రగిలే వత్తి తుపాకి. వత్తి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. చీకట్లో దాని నిప్పు కనిపిస్తుంది, గాలిలో దాని వాసన తెలుస్తుంది, వానకు ఆరిపోతుంది. మాటు వేసేవాడికి ఇది బొత్తిగా పనికిరాదు. అందుకే న్యూ ఇంగ్లండ్ మూలవాసులు ఖరీదెక్కువైనా చెకుముకి తుపాకినే కోరుకున్నారు. కింగ్ ఫిలిప్ యుద్ధమని పేరుపడ్డ 1675 నాటి పోరాటానికి చాలామంది చేతుల్లో అవే ఉన్నాయి. వాటితో గురిచూసి కొట్టడంలో వలస సిపాయిలను మించిపోయారు. ఐరోపా సిపాయికి నేర్పేది బారులో నిలబడి అందరితో కలిసి పేల్చడం. అబెనాకీ కుర్రవాడు నేర్చుకునేది ఒక్క గుండుతో దుప్పిని పడగొట్టడం.

చెకుముకి రాయి ఉక్కు పలకను గీరినప్పుడు రాలే నిప్పురవ్వలు రాతివి కావు. రాయి చెక్కిన ఉక్కు రజను గాలిలో మండటమే ఆ మెరుపు. అది పక్కనున్న చిటికెడు మందును అంటిస్తుంది, మంట చిన్న రంధ్రం గుండా గొట్టంలోకి పాకుతుంది. రాయి కొన్ని డజన్ల దెబ్బలకు మొద్దుబారుతుంది, మళ్లీ చెక్కుకోవాలి. మందు తడిస్తే అంతా వృథా. అందుకే తుపాకి మీటల భాగానికి తోలు తొడుగు, మందుకు నీరు చొరని ఆవుకొమ్ము.

ఫ్రెంచివాళ్లు ఇచ్చే వేట తుపాకి అబెనాకీకి బాగా సరిపోయింది. ట్యూల్ పట్టణంలో తయారయ్యే ఈ తుపాకి బరువు సుమారు మూడు కిలోలు. బ్రిటిష్ సైన్యపు మస్కెట్ నాలుగున్నర కిలోల దాకా తూగేది. ఫ్రెంచి తుపాకి గుండ్లు అక్కడి పౌను సీసానికి 28 వచ్చేవి, అంటే ఒక్కొక్కటి 17 గ్రాముల చిల్లర. బ్రిటిష్ మస్కెట్ గుండు 32 గ్రాములు. కిలో సీసం వీపున మోసుకుని నెల రోజుల దారి నడిచేవాడికి ఆ లెక్క ప్రాణంతో సమానం. ఒక తుపాకికి ఆ కిలోతో 57 గుండ్లు వస్తాయి, రెండోదానికి 31.

మందు లేని చలికాలం

ఇంత తెలివిగా ఏరుకున్న సరంజామాలో ఒక్క బలహీనత ఉంది. సీసాన్ని కరిగించి గుండ్లు పోసుకోవచ్చు. విరిగిన పిడిని చెక్కుకోవచ్చు. తుపాకి మందు మాత్రం అడవిలో తయారు కాదు. అందులో ముప్పాతిక భాగం సురేకారం, మిగిలింది బొగ్గు, గంధకం. సురేకారం పేడ, మూత్రం కలిసిన మట్టిలో సూక్ష్మజీవుల వల్ల పుడుతుంది. దాన్ని పెద్ద ఎత్తున పోగుచేసి, శుద్ధిచేసే పరిశ్రమ కావాలి. 17వ శతాబ్దం నుంచి ఇంగ్లండు తన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడల్లో బీహారు నుంచి తెప్పించుకునేది. అలాంటి సరఫరా ఏ అడవి జాతికీ ఉండదు.

దాని ఫలితం 1675-76 చలికాలంలో తెలిసింది. దక్షిణాన కింగ్ ఫిలిప్ యుద్ధం మొదలవగానే మసాచుసెట్స్ అధికారులు భయపడి, అప్పటిదాకా శాంతంగా ఉన్న మెయిన్ అబెనాకీల తుపాకులు లాక్కోవాలని చూశారు, మందు అమ్మకం ఆపేశారు. ఇంగ్లిషువాళ్లకు అది యుద్ధ నియమం. అబెనాకీలకు మాత్రం అది తిండి. అప్పటికి ఒక తరం గడిచింది, వేటంతా తుపాకితోనే సాగుతోంది. పొలాల నుంచి తరిమివేతకు గురై, వేటకు మందు లేక ఎంతోమంది ఆకలితో చచ్చిపోయారు. ఆ తర్వాత అబెనాకీ నాయకులు ఇంగ్లిషువాళ్లను ఈ మాటే అడిగారు: మీరు చెప్పుకుంటున్నట్టు నిజంగా స్నేహితులే అయితే మేము ఆకలితో చావడం చూస్తూ ఊరుకునేవారా అని.

అబెనాకీలు ఫ్రెంచివాళ్లతో ఎందుకు కలిశారన్న ప్రశ్నకు మతాన్నో, పాదిరీల ప్రభావాన్నో కారణంగా చెప్పడం పాత పద్ధతి. ఆ ప్రభావం లేకపోలేదు. కానీ ఆ చలికాలాన్ని పక్కనపెట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. క్యూబెక్ నుంచి కానుకలుగా వచ్చే మందు, సీసం, చొక్కాలు, తుపాకులు బాగుచేసే కమ్మరి ఒక జాతి బతుకుకు ఆధారం. 1763లో ఫ్రాన్స్ కెనడాను వదులుకున్నప్పుడు అబెనాకీలు ఓడిన యుద్ధం కంటే, కోల్పోయిన ఈ ఆధారమే ఎక్కువ దెబ్బ తీసింది. రెండు సామ్రాజ్యాల మధ్య ఎవరో ఒకరిని ఎంచుకునే వీలు అక్కడితో పోయింది.

ఎదుటివాళ్లు నేర్చిన పాఠం

పాఠం రెండు వైపులా సాగింది. 1750ల నాటికి రాబర్ట్ రోజర్స్ అనే న్యూ హాంప్‌షైర్ మనిషి బ్రిటిష్ సైన్యం కోసం రేంజర్లనే దళాలు నడిపాడు. వాళ్లు మొకాసిన్లు తొడుక్కున్నారు, దట్టీలో గొడ్డలి దోపుకున్నారు, మంచుపాదుకల మీద నడిచారు, చెట్ల చాటున పోరాడారు. 1759 అక్టోబరు 4 తెల్లవారుజామున సుమారు 140 మంది రేంజర్లు ఒడనాక్ మీద పడి ఊరిని తగలబెట్టారు. రెండు వందల మందిని చంపామని రోజర్స్ రాశాడు. ఫ్రెంచి లెక్కల్లో చచ్చినవాళ్లు ముప్పై మంది, అందులో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలూ. ముందు రాత్రే హెచ్చరిక అందడంతో చాలామంది దాక్కుని బతికారని ఆ ఊరి పెద్దల నోట తరతరాలుగా నిలిచిన కథ చెబుతుంది. 1940లో హాలీవుడ్ ఈ దాడిని వీరగాథగా సినిమా తీసింది. దాడి చేసినవాళ్ల ఒంటి మీది వేషం, చేతిలోని విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నవో చెప్పాలనుకోలేదు.

అబెనాకీ యోధుడిని అమెరికన్ సినిమాలు మనకు చూపించే ఈకల కిరీటపు గుర్రపు రౌతుగా ఊహించుకోకూడదు. ఆ వేషం వేల కిలోమీటర్ల పడమర మైదానాల్లోని వేరే జాతులది, మరో శతాబ్దానిది. మూలవాసుల బొమ్మ ఎక్కడ కనిపించినా మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ జాతి? ఏ కాలం? ఏ రుతువు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని బొమ్మను నమ్మకండి. ఒడనాక్‌లో 1965 నుంచి అబెనాకీలే నడుపుతున్న మ్యూజియం ఉంది. వాళ్ల యోధుల గురించి తెలుసుకోవాలంటే మొదట వినవలసింది వాళ్ల మాటే.